నిలబడి తినే మనిషి

ఆ మనిషి పూటకూళ్లింటి వాకిట్లో నిలబడే పులుసన్నం తింటున్నాడు.

అరుగంతా ఖాళీగానే ఉంది.

"కూర్చుని తినవయ్యా. గుర్రంలా ఆ నిలబడటం ఏంటి?" అంది ఒక్బున్. కొండ మీది కుమ్మరిపల్లె నుంచి జాడీలు అమ్ముకోవడానికి వచ్చిన ముసలమ్మ ఆమె.

"నాకిలాగే అరుగుతుంది అవ్వా" అన్నాడతను, నోటినిండా కిమ్చీ పచ్చడి పెట్టుకుని.

అంత దిగులులోనూ ఒక్బున్‌కు నవ్వొచ్చింది. తన గిన్నెలోని ముల్లంగి ముక్కలు కూడా తీసి అతని గిన్నెలో వేసింది.

"మరి నువ్వు?"

"రేప్పొద్దున నా కొడుక్కి కచేరీలో బడితె దెబ్బలు. నాకు ముద్ద దిగుతుందా?"

"ఏం చేశాడేంటి?"

"తండ్రి తద్దినం నాడు పళ్లెం పెట్టి మొక్కలేదని సొంత బాబాయే వెళ్లి అధికారులకు చెప్పాడు. తద్దినం మానితే మన రాజ్యంలో నేరమేగా. వాడసలే ఛాతీ జబ్బు మనిషి. దగ్గితే నెత్తురు పడుతుంది. నాలుగు దెబ్బలకే పోతాడు నాయనా."

"బదులు మనిషిని పెట్టుకోవచ్చుగా?"

"అది డబ్బున్నోళ్ల మాట. అయినా కూలికి ఒళ్లప్పగించి తన్నులు తినేవాళ్లూ మనుషులేనా? పనీపాటా చేతకాని సోమరులు! ఛీ!"

"అదీ నిజమేలే" అన్నాడతను, పులుసు జుర్రుకుంటూ.

ఒక్బున్ కళ్లు మూసుకుని, నుదుటి మీద, గుండెల మీద, భుజాల మీద వేళ్లతో గబగబా తాకించుకుంది.

"ఈగను తోలావా అవ్వా?"

ఆమె చటుక్కున చెయ్యి దించేసింది. ఆ గుర్తు ఎవరైనా పసిగడితే తల తెగిపడే రోజులవి. కానీ అతని ముఖం చూస్తే ఎందుకో దాచాలనిపించలేదు. గొంతు తగ్గించింది.

"మా సామిని తలుచుకున్నాను. మనకు పడాల్సిన దెబ్బలు ఆయన తిన్నాడు."

అతను తినడం ఆపేశాడు.

"పడుకోబెట్టి కొట్టారా?"

"స్తంభానికి కట్టేసి."

"అయ్యయ్యో! అలాగైతే ఊపిరి కూడా ఆడదు. కూలెంతిచ్చారు?"

"కూలేంటయ్యా? ప్రేమకొద్దీ తిన్నాడు."

"ఊరుకో అవ్వా, లోకంలో లేని మాట చెబుతావు. ఇంతకీ ఎవరి కోసం?"

"నాకోసం. నీకోసం."

"నాకోసమా!" అతను పకపకా నవ్వాడు. "నాకోసం ఒక్క దెబ్బయినా తిన్నవాణ్ణి నేనెరగను. సరిగ్గా కనుక్కుని చెప్పు."

"లోకంలో నువ్వొక్కడివే ఉన్నా తినేవాడు నాయనా."

అతని నవ్వు ఆగిపోయింది. ఖాళీ గిన్నె అరుగు మీద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"నీ కొడుకు పేరేంటవ్వా?"

"సొక్చే. ఎందుకు?"

అతను చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

తెల్లవారగానే కట్లు కట్టడానికి పాత గుడ్డలు పట్టుకుని ఒక్బున్ కచేరీ గుమ్మం ముందు నిలబడింది. లోపల దెబ్బల చప్పుడు మొదలైంది. ఒక్కో దెబ్బకూ ఆమె తన చేతినే కొరుక్కుంది.

చప్పుడు ఆగిన కాసేపటికి సొక్చే తన కాళ్ల మీద తనే నడిచి వచ్చాడు. ఒంటి మీద గీత కూడా లేదు.

"నా బదులు ఎవరినో పడుకోబెట్టారమ్మా" అన్నాడు.

ఒక్బున్ వాణ్ణి వాటేసుకుని తనివితీరా ఏడ్చింది. తర్వాత భటుడి దగ్గరకు పరుగెత్తింది.

"కూలి కట్టిన పుణ్యాత్ముడెవరు బాబూ? వెళ్లి ఆయన కాళ్ల మీద పడతాను."

భటుడు మూలనున్న చాప చూపించాడు.

ఆమె చాప తొలగించింది. నిన్న పులుసన్నం తిన్న మనిషి.

"నాయనా!" అంటూ ఆ తలను ఒళ్లోకి తీసుకుంది. అతను కళ్లు తెరవలేదు. "నిన్నేనా నేను మనిషివే కాదన్నది? బంగారుతండ్రీ, ఒక్కసారి పలకరా!"

భటుడు కళ్లు తుడుచుకున్నాడు.

"మొన్నటి పుళ్లే మానలేదు, కూర్చోలేకపోతున్నావు, వద్దురా అన్నాను. వినలేదు. ఈ వాకిట్లో ఏళ్ల తరబడి అందరి దెబ్బలూ తిన్నది వీడే. డబ్బు చేతిలో పడందే ఏనాడూ పడుకున్నవాడు కాదమ్మా. ఇవాళ 'కూలేదిరా' అంటే, 'నాకు ముందే ముట్టిందన్నా' అన్నాడు."