మీటరు ముల్లు

బ్యాటరీ వైర్లు బిగించాలి.

పెట్రోలు మీటరు తప్పెందుకు చూపిస్తోందో తేల్చాలి.

వేగం పెంచే థ్రాటిల్ ముందుకు తోస్తే ఇంజను ఎందుకు దగ్గుతోందో చూడాలి.

ప్రవేశ పరీక్ష హాలు గేటు మూసేలోపు కూతుర్ని అవతలి ఒడ్డున దింపాలి.

ఆ ఉదయం బోటు యజమాని ముందున్న పనులివి. ఇంకా మొదటి దాని దగ్గరే ఉన్నాడు.

"నిన్ననే ట్యాంకు నింపానురా. ముల్లు చూడు, సగానికి పడిపోయింది! దీనికి పిచ్చెక్కింది."

"వైరెక్కడో వదులై ఉంటుంది అన్నయ్యా. బల్బు తగిలించి కరెంటు వస్తోందో చూద్దాం," అన్నాడు తమ్ముడు.

అమ్మాయి హాల్ టికెట్ గుండెలకి హత్తుకుని బోటులో కూర్చుంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కబోయే మొదటి మనిషి ఆమే.

"నాన్నా, లోపలికి రానివ్వరు..."

"అయిపోయిందమ్మా, అయిపోయింది." చేతిలోంచి స్క్రూ జారి పడింది. వంగి వెతుక్కున్నాడు.

రేవు మెట్ల మీద ఒకావిడ లేచి నిలబడింది. ముఖానికి ఎప్పుడూ చున్నీ చుట్టుకునే ఉంటుంది. రోజూ వస్తుంది, బోట్లని చూస్తుంది, ఏ బోటూ ఎక్కదు.

"టికెట్టు లేని ప్రేక్షకురాలు లేచిందోయ్," తమ్ముడు నవ్వాడు.

"వాసన వస్తోంది," అందావిడ.

"బోటులో పెట్రోలు వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా అక్కా?"

"పాపని దించండి. ముందు పాపని దించండి!"

"పరీక్షకి పోయే పిల్ల తల్లీ. అడ్డు రాకు, నీకు దండం పెడతా," అన్నాడు తండ్రి.

తమ్ముడు బల్బు వైరు పట్టుకుని మీటరు మీదికి వంగాడు.

ఆవిడ బోటులోకి దూకింది. అతని చేతిలో వైరు లాక్కుంది. ఇంజను తాళం ఊడబెరికింది. రెండూ నీళ్లలోకి విసిరేసింది.

"నా బిడ్డ బతుకు నీళ్లపాలు చేశావు కదే!"

తండ్రి ఆమెను మెట్ల మీదికి తోసేశాడు. చున్నీ జారింది. కాలి ముడతలు పడ్డ చెంప.

ఆవిడ లేచింది. చున్నీ సర్దుకుని వెళ్లిపోయింది.

మరో బోటు దొరికేసరికి వేళ మించింది, పరీక్ష పోయింది. ఇంటికెళ్లిన అమ్మాయి తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం ఆ వదులైన వైరు కోసం అన్నదమ్ములు బోటు అడుగు చెక్కలు ఎత్తారు.

కింద మడుగు కట్టి ఉన్నది నీళ్లు కాదు.

పెట్రోలు పైపు చీలింది. సగం ట్యాంకు అక్కడే ఉంది. ఇంజనుకి అందక దగ్గింది. మీటరు నిజమే చెప్పింది.

"అన్నయ్యా... ఆ బల్బు వైరు తగిలించి ఉంటే..." తమ్ముడు చెక్క వదిలేసి వెనక్కి జరిగాడు.

ఒక్క నిప్పురవ్వ చాలు. పొద్దున ముగ్గురూ అందులోనే ఉన్నారు.

తండ్రి టికెట్లిచ్చే పెద్దమ్మ గదికి పరుగెత్తాడు.

"ఆ చున్నీ ఆవిడ ఇల్లెక్కడ పెద్దమ్మా? కాళ్లమీద పడాలి."

"ఎవరికి తెలుసు నాయనా! అయినా తనేం చేసింది?"

"బోటులోకి దూకింది."

"బోటులోకా? ఆవిడా?" పెద్దమ్మ చేతిలో టికెట్లు అలాగే ఉండిపోయాయి.

మర్నాడు మెట్లు ఖాళీ. ఆ తర్వాతా ఖాళీయే.

మరుసటి ఏడు అమ్మాయి పరీక్ష రాసింది, కాలేజీ గడప తొక్కింది.

మీరెప్పుడైనా బోటులో కాలు పెడుతుంటే పెట్రోలు వాసన తగిలితే, పేరు తెలియని ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి. కూతురితో ఎక్కిన బోటు తగలబడితే ఒక్కతే ఒడ్డుకొచ్చి, ఇక బోటే ఎక్కనని ఒట్టేసుకున్న మనిషి, ఆ రోజు మరొకరి కూతురి కోసం ఒట్టు తప్పింది.