పాత కారు తావీజు

పాషా డ్రైవింగ్ స్కూల్లోని పాత కారులో నేర్చుకున్నవారెవరూ జగిత్యాలలో లైసెన్సు పరీక్ష తప్పరని కోరుట్ల అంతటా ప్రతీతి. అద్దానికి వేలాడే ఆకుపచ్చ తావీజు మహిమేనట అదంతా.

శిక్షణ పాఠాలను రూపొందించే విద్య చదివి వచ్చిన పాషా కూతురు కౌసర్ మాత్రం నమ్మలేదు. నేర్చుకునేవారికి ఏమేమి రావాలో ముందుగా తేల్చింది. ఒక్కొక్కదానికి ఒక పాఠం, పాఠం చివర పరీక్ష, తప్పితే మళ్లీ అదే పాఠం. కొత్త కారు కూడా కొనిపించింది. పక్క సీట్లో కూర్చుని నేర్పేది మాత్రం ఎప్పటిలాగే పాషా.

రాధిక కొత్త కారులో చేరి స్కూలు పరీక్షలన్నీ నెగ్గింది. "కాలు పెట్టకముందే ఆగుతది, మా మంచి బండి," అని అందరికీ చెప్పుకుంది. తీరా జగిత్యాలలో ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చోగానే బ్రేకు తొక్కడం మరచి, అడ్డుగా పెట్టిన డబ్బాను గుద్దింది.

"నీ పాఠాలు మంచిగనే ఉన్నయి బేటీ, కని గా కొత్త బండిల తావీజు బర్కత్ లేదు," అన్నాడు పాషా.

రాధికకు ఈసారి పాత కారులోనే నేర్పాలన్నాడు. ఆమె నెగ్గితే కౌసర్ పాఠాలు అటకెక్కాలి. తప్పితే తావీజు దిగాలి. కౌసర్ ఒప్పుకుంది.

రాధిక నెగ్గింది. మిఠాయి పెట్టెతో వచ్చి, తావీజును కళ్లకద్దుకుంది. పాషా గడ్డం నిమురుకున్నాడు.

"గది నేను కుట్టిన ఉత్త గుడ్డముక్క అక్కా," అంది కౌసర్ నెమ్మదిగా. "నువ్వు పాత కారు ఎక్కిన నాడే అసలుది తీసి బీరువల పెట్టిన."

రాధిక చేతిలోని లడ్డూ అలాగే ఉండిపోయింది. పాషా తడబడి, అంతలోనే తేరుకున్నాడు.

"అయితే నా కాలి మహిమ అనుకో. అడ్డం ఏదన్న అస్తే పక్క సీట్ల నుంచి బ్రేకు తొక్కి ఆపేది నేనే గద."

"రెండు కార్లల్లనా అబ్బాజాన్?" అడిగింది కౌసర్.

"రెండిట్ల. నా దిక్కు గా బ్రేకు పెట్టిందే గందుకు."

కౌసర్ పాత కారులో పాషా కూర్చునే వైపు తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, సెల్‌ఫోను లైటు వేసి సీటు ముందు తొంగి చూసింది. స్ప్రింగు గట్టిగానే ఉంది. పెడల్ నిగనిగలాడుతోంది.

పాషా ఇన్నేళ్లుగా తొక్కుతున్న ఆ బ్రేకును బండికి కలిపే కేబులే లేదు.