మందు వాడని మనిషి

ఏ జబ్బూ చేయని అత్తగారితో కాపురం ఎంత కష్టమో ఆ కోడలికే తెలుసు.

కోడలు ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, "నా వయసొచ్చేసరికి ఏమైపోతావే అమ్మాయ్" అని జాలిపడేది అత్తగారు. డెబ్బై ఏళ్లొచ్చినా ఒక్క మందు వాడి ఎరగనని వారానికి రెండుసార్లయినా ఇంటిల్లిపాదికీ గుర్తుచేసేది.

చివరికి కోడలి పరిశోధనకు సరిగ్గా అలాంటి మనిషే కావలసి వచ్చింది.

ఒంట్లో నొప్పిమాత్రల మందు ఎంత ఉందో మూత్రం చుక్కతో పట్టేసే కర్బన కడ్డీ ఆమె తయారుచేస్తోంది. పెన్సిలంత కడ్డీ, దాని కొనమీద ప్రత్యేకంగా కలిపిన నల్లపూత. నమూనాలో ముంచి కరెంటు పంపితే, మందు ఉంటే తెరమీద గీతకు గూని వస్తుంది. లేకపోతే చాపలా పడుంటుంది.

ఎల్లుండి పరీక్షకులు వస్తున్నారు. మందు లేని నమూనాలో గీత లేవదని వాళ్లకు చూపించాలి. లేచిందా, మూడేళ్ల కష్టం బూడిదే.

"మందులేమైనా వాడుతున్నారా అత్తయ్యా?" అని అడిగి మరీ సీసా ఇచ్చింది.

"తెలిసీ అడుగుతావేం? ఇదేం చదువే తల్లీ, సీసా పట్టుకుని నా వెంట పడడం!"

ఇప్పుడు ప్రయోగశాలలో ఆ సీసాలోనే కడ్డీ ముంచింది.

గీత లేచింది. మామూలు గూని కాదు, గుట్టంత.

"బాబాయ్, దీన్ని సరిగా రుద్దారా?"

బాబాయ్ అంటే రెండు నెలల కిందట చేరిన ముసలాయన. సీసాలు కడగడం, కడ్డీ కొనలు నునుపు చేయడం ఆయన పని. ఒకే వైపు రుద్దితే కొన ఒరిగిపోతుంది కాబట్టి, తడిగుడ్డ మీద ఎనిమిది అంకె దిద్దుతూ రుద్దాలి. రోజంతా ఎనిమిదులు దిద్దే ఆయనకు అక్కడి పిల్లలు 'ఒకటో తరగతి' అని పేరుపెట్టారు.

"మూడుసార్లు రుద్దానమ్మా. ఉత్త నీళ్లలో ముంచితే గీత లేవలేదు, మీరే చూశారుగా."

"అయితే సీసాదే లోపం. మాత్రలు కలిపిన సీసాను పైపైన కడిగేసి ఇచ్చుంటారు."

"శుభ్రంగా కడిగానమ్మా. ఇంతకీ నమూనా ఎవరిది?"

"ఒక్క మందు కూడా వాడని మనిషిది."

తడిగుడ్డ మీద ఆయన చేయి ఆగింది.

"వాడరని ఎవరన్నారు?"

"ఆవిడే."

"మీరేమని అడిగారు?"

"ఇదేమన్నా కోర్టా?" ఆమె గొంతు పెరిగింది.

ఆ అరుపుకి ఆమె పరిశోధన చూసే గైడు గారు తలుపు తీశారు.

"పరీక్ష అయ్యేదాకా ఈయన నా బల్ల దగ్గరికి రాకూడదు సార్. ఆయన కడిగిన సీసాలతో నా పరువు పోయేలా ఉంది."

గైడు గారు ముసలాయన వైపు ఇబ్బందిగా చూశారు. ఆయన చెప్పించుకోలేదు. ఏప్రన్ విప్పి, మడతపెట్టి, బల్లమీద ఉంచాడు.

"ఒక్కమాటమ్మా. మందులు వాడతారా అని అడక్కండి. నొప్పొస్తే ఏం చేస్తారని అడగండి. ఇప్పుడే అడగండి. గీత అంత లేచిందంటే ఒకటీ రెండూ కాదు."

ఆయన మాట తప్పని తేల్చడానికే ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఒళ్లు నొప్పులొస్తే మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాను, ఓ బిళ్ల వేసుకుంటాను."

"మందులు వాడనన్నారు!"

"బిళ్ల మందెలా అవుతుందే? మందంటే డాక్టరు రాసేది. ఇది కొట్లో చాక్లెట్ల పక్కన దొరికేది."

"రోజుకెన్ని?"

"లెక్కెవరు పెట్టారు? లేవగానే రెండు. వంటకు నిలబడేముందు రెండు. మధ్యాహ్నం మోకాళ్లకు రెండు, నడుముకు రెండు..."

"మోకాళ్లకు వేరే, నడుముకు వేరేనా?"

"మరి? నొప్పులు రెండు కదా! పడుకునేముందు ఇంకో నాలుగు."



"అత్తయ్యా, వాంతులేమైనా అవుతున్నాయా?"

"నిన్నట్నించీ నీళ్లు కూడా ఇమడ్డం లేదులే. కళ్లు పచ్చగా ఉన్నాయని మీ ఆయన ఒకటే ఎగతాళి. జబ్బేం కాదు, కంగారుపడకు."

గీతను తెరమీద అలాగే వదిలేసి పరుగెత్తింది.

"కాలేయం సగం చేతులెత్తేసింది" అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "ఇంకో రెండ్రోజులాగి తెచ్చుంటే నేనూ ఎత్తేసేవాణ్ణి."

మంచంమీంచి అత్తగారు సన్నగా అడిగింది. "ఇప్పుడు ఎక్కించేది... మందేనా?"

నాలుగు రోజులు ఎవరికీ కంటిమీద కునుకు లేదు. అయిదో రోజున గండం గడిచిందన్నారు. పరీక్ష వాయిదా పడిందన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది, దాంతోపాటు ముసలాయనా.

ప్రయోగశాలలో ఆయన లేడు. ఆ రోజు వెళ్లినవాడు మళ్లీ రాలేదట. గైడు గారి దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేసింది.

"బాబాయ్, సీసా శుభ్రంగానే ఉంది. పొరపాటు నాది. రేపట్నించి వచ్చేయండి."

"మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నానమ్మా, బస్సులో ఉన్నా. ఆవిడకెలా ఉంది?"

"బతికారు. మీవల్లే. అలా అడగాలని మీకెలా తెలిసింది బాబాయ్?"



"నేనూ మా ఆవిణ్ణి మీలాగే అడిగానమ్మా. మందులేం వాడననేది. నమ్మాను. ఆవిడ దక్కలేదు."

"మీ తప్పేముంది బాబాయ్?"

"తప్పు నాదేనమ్మా... ముప్పై ఏళ్లు మందుల షాపు నడిపినవాణ్ణి, ఆవిడ మింగిన బిళ్లలన్నీ నా అరల్లోవే."