బల్లకో చిల్లు

డ్రిల్లు కీచుమంటూ చెక్కను దాటి కింద ఉన్న బల్లలోకీ దిగిపోయింది.

"అయ్యయ్యో, బల్లకి చిల్లు పెట్టేశానే!" అత్తగారు గభాల్న చేతులు వెనక్కి దాచుకుంది. పేటవాళ్ళంతా కలిసి నడుపుకునే ఆ పనిశాలలో ఆవిడ చేరి గంటైనా కాలేదు.

"వంటింట్లోకి అర కొనేద్దామంటే విన్నారా?" కోడలు సంచీ భుజాన వేసుకుంది. "పదండత్తయ్యా, వాళ్ళు పొమ్మనకముందే మనమే పోదాం."

ఆ పూట పనిశాల చూసుకుంటున్న పళ్ళ డాక్టరమ్మ పరుగున వచ్చి, బల్ల మీది రంపపు పొట్టు ఊడ్చింది. బల్లంతా చిల్లులే!

"ఈ చిల్లు మన పేట డ్రైవరుగారిది, అది మా ఆయనది. ఈ రెండూ నావి."

"మీరా? రోజూ పళ్ళలో డ్రిల్లు పెట్టే మీరా?" అంది అత్తగారు.

"ఎవరికీ చెప్పకండి, జనం నా దగ్గరికి రావడం మానేస్తారు!"

ముగ్గురూ పగలబడి నవ్వారు.

అత్తగారు తన చిల్లును వేలితో తడిమింది. ఇంకా వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో గోడకి ఒక్క మేకు కొడతానన్నా, "నీవల్ల కాదులే" అని సుత్తి లాక్కున్నవాళ్ళే. ఇక్కడ పాడుచేసినా తనదేనట!

"ఇదిగో, ఇది నాది," అంది గట్టిగా.

కోడలు సంచీ కింద పెట్టేసింది.

"డ్రిల్లు ఇటివ్వండత్తయ్యా. నాది మీ పక్కనే."