ఇంటిపట్టున పేకాట

"సూడు బిడ్డా, ఇస్తారి గాడు ఒక్క ముక్క ఎయ్యాలంటె రెండు నిమిషాలు వడ్తది. గంతసేపు ఆలోచించాలె వాడు. టకటకా ఏస్తే వాడు ఇస్తారే గాడు."

భూపతి పక్కింటి సుచిత్రను పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెబుతున్నాడు. సుచిత్ర కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆయన కోసమని వెనక గదిలోని కంప్యూటర్లో రమ్మీ ఆట ఎక్కించింది. ఆటకు నలుగురు కావాలి. భూపతి ఒకడు, మిగతా ముగ్గురూ కంప్యూటర్ ఆటగాళ్లు.

ఈ ఉపాయమంతా భూపతి భార్య యాదలక్ష్మిది. ముప్పై ఏళ్లుగా మధ్యాహ్నం అన్నం తినగానే ఆయన కాలు ఇంట్లో నిలవదు. నర్సయ్య మగ్గాల షెడ్డుకు పోవాల్సిందే. అక్కడ మగ్గాలు ఎప్పుడో మూలపడ్డాయి గానీ పేకాట మూలపడలేదు. నర్సయ్య, ఇస్తారి, నిస్సార్, ఈయన. పైసలు పెట్టి ఆడరు, ఓడినవాడు చాయ్ తాగిస్తాడు, అంతే. కానీ ఆ బీడీల పొగ! ఆ కేకలు! రెండు నెలల కింద గుండెకు స్టెంట్ వేసిన డాక్టర్, ఆ రెండూ పనికిరావని ఖరాఖండిగా చెప్పాడు. ఆ రోజు దవాఖాన వరండాలో యాదలక్ష్మి ఏడ్చిన ఏడుపు ఆమెకే తెలుసు. ఈ మనిషిని మళ్లీ ఆ మంచం మీద చూసే ధైర్యం ఆమెకు లేదు. స్కూటర్ తాళంచెవి కొంగున కట్టుకుంది. షెడ్డునే ఇంటికి తెప్పించింది.

"గా డబ్బతోని ఏమాడుతరే!" అని భూపతి మొదట మూతి ముడిచాడు. తీరా కుర్చీలో కూర్చున్నాక ఆయన షరతులకు అంతే లేదు. ముగ్గురికీ దోస్తుల పేర్లే పెట్టాలి. నిస్సార్‌కు భయమెక్కువ, ముక్కలు బాగా లేకుంటే మొదట్లోనే ఆట వదిలెయ్యాలి. నర్సయ్య ప్రాణం పోయినా జోకర్ పారెయ్యడు. పైన పడ్డ జోకర్‌ను ఎవరూ ఎత్తకూడదు.

"తప్పు షో కొట్టినోడు అందరికి చాయ్ తాపాలె. గా రూల్ గూడ వెట్టు."

"గది కంప్యూటర్ల లేదు పెద్దబాపూ!" సుచిత్రకు నవ్వాగలేదు.

"లేదా? గిదేం కంప్యూటర్! సరే, నేను గెలిస్తే డప్పు మోగాలె. వంటింట్లకు ఇనవడాలె. మీ పెద్దమ్మకు ఎర్కగావాలె గదా నా సంగతి."

పేర్లు, ఆట తీరు, ఏ కుర్చీలో ఎవరుండాలన్నది అన్నీ ఎక్కడ మార్చుకోవాలో సుచిత్ర చూపించింది. భూపతి మూడుసార్లు చెప్పించుకుని మందుల చీటీ వెనక రాసుకున్నాడు. "ఇగ నేనే జూసుకుంట. మల్ల మల్ల నీకు తక్లీఫ్ ఎందుకు" అన్నాడు. ఎంత మంచి మనసో అనుకుంది యాదలక్ష్మి.

చివరగా ఆమెకూ ఒక షరతు పెట్టాడు. "నేను ఆటల ఉన్నప్పుడు లోపలికి రావద్దు, పిలువద్దు. మాట్లాడితె లెక్క దప్పుతది."

"గడియ మాత్రం వెయ్యకు. షెడ్డు దిక్కు వోకుంటె సాలు, నీ ఆట నువ్వాడుకో" అంది యాదలక్ష్మి.

ఆనాటి నుంచి మధ్యాహ్నం రెండు కాగానే వెనక గది తలుపు మూసుకునేది. లోపల ముక్కలు పంచుతున్న చప్పుడు. కాసేపటికి డప్పు. యాదలక్ష్మి చేటలో బియ్యం ఏరుతూ ఒక చెవి అటే వేసి ఉంచేది. డప్పు మోగిన ప్రతిసారీ మొగుడి గుండె గట్టిగా కొట్టుకుంటున్నట్టే ఉండేది ఆమెకు. మల్లన్న స్వామీ, ఈయన్ని ఇట్లాగే ఉంచు అని దండం పెట్టుకునేది.

సాయంత్రం ఐదింటికి బయటికొచ్చే భూపతి మొహం చూడాలి!

"ఇయ్యాల ఇస్తారి గాన్ని ఏడిపిచ్చిన. మూడు జోకర్లు వట్టుకొని గూడ ఓడిండు!"

కంప్యూటర్ మీద గెలిచినందుకే ఇంత సంబరమా అని యాదలక్ష్మి పకపకా నవ్వేది.

"అన్నట్టు, నర్సయ్య కోడలు కాన్పయ్యింది. ఆడివిల్ల" అన్నాడు ఓ రోజు చాయ్ తాగుతూ.

"నీకెవలు జెప్పిన్రు?"

"నర్సయ్యే. ఫోన్ జెయ్యడా ఏంది?"

నెల తిరిగింది. దవాఖానకు పోతే డాక్టర్ కాగితాలు చూసి తెగ మెచ్చుకున్నాడు.

"రోజూ బాగా నడుస్తున్నట్టున్నవ్ పెద్దాయనా!"

"యాడి నడక సారూ! కుర్చీలకెల్లి లేస్తనే లేడు" అంది యాదలక్ష్మి.

భూపతి గోడ మీది క్యాలెండర్ చూస్తూ ఉండిపోయాడు. డాక్టర్ మాత్రం ఏదైతేనేం, అదే సాగనియ్యమన్నాడు.

ఆ మాటతో యాదలక్ష్మి కరిగిపోయింది. తన మాట విని దోస్తులందర్నీ వదులుకున్నాడే! పాపం, ఎంతకాలమని ఒక్కడే బొమ్మలతో ఆడతాడు? ముప్పై ఏళ్లు పేకముక్కల్ని తిట్టిపోసిన మనిషి, సుచిత్ర దగ్గర చాటుగా కూర్చుని పది రోజుల్లో రమ్మీ నేర్చేసుకుంది. చీరకు కుచ్చిళ్లు పెట్టినంత శ్రద్ధగా ముక్కలు సర్దడం నేర్చింది.

"ఆ నిస్సార్ భాయ్‌ని తీసేసి నన్ను వెట్టు బిడ్డా. ఇయ్యాల్టి సంది ఆయనతోని నేనే ఆడ్త" అంది, ఓ మధ్యాహ్నం సుచిత్రను వెనక గది ముందుకు తీసుకొచ్చి.

"పెద్దబాపు పరేషాన్ అయితడు!" అని సుచిత్ర చప్పట్లు కొట్టినంత పని చేసింది.

లోపల డప్పు మోగింది. పదకొండో ఆట కూడా భూపతిదే. పెట్టిన షరతును మొదటిసారి పక్కన పెట్టి, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడుతూ, యాదలక్ష్మి మెల్లగా తలుపు తోసింది.

గదిలో కుర్చీ ఖాళీగా ఉంది, వెనక సందులోకి పోయే తలుపు ఓరగా తెరిచి ఉంది, తెర మీద మాత్రం నర్సయ్య, ఇస్తారి, నిస్సార్‌ల సరసన భూపతి పేరున్న నాలుగో చోట కూడా కంప్యూటరే కూర్చుని పన్నెండో ఆట ఆడుతోంది.