బ్యాటరీ తాగేసిన పాటలు

"రెండో బ్యాటరీ కూడా చచ్చిందండీ. ఈవిడ పాటలు పెట్టుకుని బండి నడిపితే చావక ఏం చేస్తుంది?" అన్నాడు భర్త మెకానిక్‌తో.

ఆమె కారు నేర్చుకుని మూడు నెలలైనా కాలేదు. ఈ రెండో బ్యాటరీ పోయిన రోజు నుంచి ఆయన ఆమెను స్టీరింగ్ ముట్టుకోనివ్వడం లేదు.

మెకానిక్ వేరే బ్యాటరీ తగిలించి ఇంజను స్టార్ట్ చేశాడు. మీటరు పెట్టి చూశాడు.

"పాటలదేం తప్పు లేదు సార్. బండి నడుస్తుంటే బ్యాటరీని నింపాల్సింది ఆల్టర్నేటర్. అదే పడకేసింది."

ఇంజను ఆపి, బెల్టు తీసి, ఆల్టర్నేటర్‌ను ఊడదీసి వంచాడు. తుప్పునీళ్ళు బొటబొటా కారాయి.

"ఇంజను మీద పైపుతో నీళ్ళు కొడుతున్నదెవరు?"

ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి, చంటిపిల్లకు లాల పోసినట్టు ఇంజనును కడిగేది ఆయనే. ఆయన నేలచూపులు చూశాడు. ఆమెకు 'ఈయనే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"మా ఇంట్లో శుభ్రం కాస్త ఎక్కువండీ," అంది.

ఆయన చటుక్కున తలెత్తి ఆమె వంక చూశాడు.

కొత్త ఆల్టర్నేటర్ బిగించాక, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు.

"తప్పు నాదే. నువ్వే నడుపు," అన్నాడు. "కాకపోతే మన వీధి మలుపు దగ్గర కాస్త మెల్లగా..."

"ఇంకా సలహాలా?"

ఆయన నోటికి తాళం వేసుకున్నట్టు సైగ చేశాడు. ఆమె పకపకా నవ్వి, బండిని రోడ్డెక్కించింది.