పాట ఆగే చోటు

“ఈ టేపులో పాట ఎక్కడా ఆగడం లేదు. వెనక్కి తీసుకో” అంటూ మాక్సిన్ ఆ పాతకాలపు ఎయిట్ ట్రాక్ పాటల టేపును బల్ల మీద పెట్టింది.

వర్జిల్ కాఫీ కప్పు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. ఒహాయోలోని ఆ శనివారం సంతలో పాత టేపులు కొని, బాగుచేసి అమ్ముతున్న అతనికి, వినని ఫిర్యాదంటూ మిగల్లేదనే నమ్మకం ఉండేది.

“ఆగడం లేదా? ఆగకపోతే మంచిదే కదమ్మా!”

“నాకు ఆగాలి.”

పక్క బల్ల మీద తుప్పు రెంచీలు పరుచుకుని కూర్చున్న డీన్ కిసుక్కున నవ్వాడు. “తర్వాత నా దగ్గరికి రండి మేడమ్. విప్పడానికి పనికిరాని రెంచీ ఒకటి ఉంది, మీకోసమే దాచాను.”

“నువ్వు నోర్మూసుకో డీన్” అని, వర్జిల్ టేపును ప్లేయర్‌లోకి తోశాడు. నది దాటించమని పడవవాణ్ణి అడిగే పాత పల్లెపాట. ఆడగొంతు శుభ్రంగా వినిపించింది. మాక్సిన్ కళ్లు మూసుకుని విన్నది. రెండో చరణం సగానికి రాగానే కళ్లు తెరిచింది.

“ఇదిగో, ఇక్కడ! ఇక్కడ గొంతు సన్నబడి ఆగిపోవాలి. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఠక్కుమని చప్పుడై మళ్లీ అందుకోవాలి.”

వర్జిల్‌కు ఆమె అడుగుతున్నదేమిటో అర్థమైంది గానీ, ఎందుకడుగుతున్నదో అర్థం కాలేదు. ఈ టేపుల్లో ట్రాకు నిండిపోతే పాటను నడిమికి నరికి, మిగతా సగాన్ని తర్వాతి ట్రాకులో పెట్టేవారు. అదే పాటలు ఇంకో వరసలో వేసిన టేపుల్లో ఆ కోత ఉండేది కాదు. కొనేవాళ్లంతా కోత లేని వాటికోసమే ఎగబడతారు.

“అమ్మా, అలా ఆగుతుందనే జనం వీటిని తిట్టుకుని చెత్తలో పారేశారు. మీకు నేను ఏరి ఏరి మంచిది ఇచ్చాను.”

“నీ మంచితనానికి దండం పెడతాను నాయనా. నాకు చెడ్డది ఇవ్వు.”

“ధర తగ్గించమంటారా? అదేనా సంగతి?”

“తగ్గించొద్దు. కావాలంటే పెంచుకో.”

డీన్ ఈసారి నవ్వలేదు. కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

మాక్సిన్ వెనక్కి తిరిగి చూసింది. కంచె దగ్గర ఆకుపచ్చ పికప్ ట్రక్కులో ఒక ముసలాయన కదలకుండా కూర్చుని ఉన్నాడు. “మా ఆయన హోబర్ట్. మనుషుల్ని మరిచిపోయాడు, మాటలు కూడా. ట్రక్కులో మా పాత టేపు పెడితే మాత్రం, పాట ఆగిన ఆ కాస్త ఖాళీలో మాట్లాడేవాడు. అది తెగిపోయింది. అప్పట్నుంచి నోరు విప్పలేదు. నువ్విచ్చిన దానిలో ఆయనకు సందు దొరకడం లేదు.”

“ఆగని టేపునే నడిమిలో నేను ఆపేస్తే?”

“నేనూ ఆపి చూశాను. నా చెయ్యి ప్లేయర్ వైపు వెళ్లడం చూసి బెదిరిపోయాడు. అది దానంతటదే ఆగాలి.”

వర్జిల్ తల గోక్కున్నాడు. చక్రాలూ స్ప్రింగులూ పీక్కోవడానికి బల్ల కింద పడేసుకున్న పాత టేపుల డబ్బా బయటికి లాగాడు. అడుగున దొరికింది. అదే పాట, వేరే వరస. అట్ట చిరిగింది, టేపును అదిమిపట్టే స్పాంజి ముక్క ముట్టుకోగానే పొడిపొడిగా రాలింది.

“ఇది పనిచేస్తుందా?” అంది మాక్సిన్.

“చెప్పలేను.” కొత్త స్పాంజి ముక్క అతికించాడు. టేపు రెండు కొసల్నీ కలిపే వెండిరంగు పట్టీ ఊడి వచ్చింది. అది తగిలినప్పుడే ప్లేయరు ట్రాకు మారుతుంది. కొత్త పట్టీ వేసి గోటితో రుద్దాడు. ఈలోగా వచ్చిన ఇద్దరు కొనుగోలుదారుల్ని, అడక్కుండానే, డీన్ మాటల్లో పెట్టి తన బల్ల వైపు తిప్పుకున్నాడు.

“పదండి, ట్రక్కులోనే పెట్టి చూద్దాం” అని వర్జిల్ లేచాడు.

హోబర్ట్ వాళ్ల వైపు చూడలేదు. ఎండ పడుతున్న అద్దం వైపే చూస్తున్నాడు. మాక్సిన్ స్టీరింగ్ ముందు కూర్చుని టేపును లోపలికి తోసింది. వర్జిల్ ఆమె పక్క తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పాట మొదలైంది. స్పాంజి సరిగ్గా కూర్చోలేదేమో, గొంతు ఒకసారి జీరబోయింది. మళ్లీ తేరుకుంది.

రెండో చరణం. గొంతు సన్నబడింది. ఆగిపోయింది.

ట్రక్కులో ఈగ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మాక్సిన్ రెండు చేతులూ ఒళ్లో బిగించుకుంది.

హోబర్ట్ పెదవులు కదిలాయి.

“ఓపల్, చలేస్తోందా?” అన్నాడు ఎంతో మెత్తగా.

“లేదు హోబర్ట్, బాగానే ఉంది” అంది మాక్సిన్.

ఠక్కుమంది. పాట మళ్లీ అందుకుంది. హోబర్ట్ కూర్చున్నచోటే వేళ్లతో మోకాలి మీద తాళం వేయసాగాడు.

వర్జిల్ అయోమయంగా ఆమె వైపు వంగాడు. “టేపు కొన్నప్పుడు మీ పేరు మాక్సిన్ అన్నారు కదమ్మా?”

“మాక్సినే. ఓపల్ ఆయన మొదటి భార్య, ఆవిడ పోయాకే నేనొచ్చాను” అంది మాక్సిన్, పాట చప్పుడు కాస్త పెంచుతూ. “పేరు ఎవరిదైతేనేం నాయనా, గొంతు ఆయనదే కదా.”